తలకిందుల రెయిల్

కుక్కర్ రెండో సీటీ వెయ్యంగనే నేను పొయ్యి కాడికెల్లి ఎనక్కి జరిగిన. ఎనిమిదేండ్లసంది అదే కుక్కర్, అదే సీటీ, అయినా జరుగుత. గడపల కూసోని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న మా అత్తమ్మ సారమ్మ నవ్వింది.

"మా కోడలికి సీటీ అన్నా భయమేనమ్మా," అన్నది, ఎవరికో చెప్తున్నట్టు. ఇంట్ల ఇంకెవ్వరు లేరు, అద్దం ముందట నిలబడి మీసం కత్తిరించుకుంటున్న నా భర్త శాంసన్ తప్ప. "విశ్వాసం తక్కువున్నోళ్లకే గింత భయముంటది."

"సీటీ ఏందమ్మా," అన్నడు శాంసన్, "మొన్న పట్నం దవాఖానల లిఫ్టు ఎక్కుమంటే ఎక్కలె. జెన్నీని గూడ ఎక్కనియ్యలె. నాలుగంతస్తులు బిడ్డను నడిపించుకుంట పోయింది." ఆ మాట అనుకుంటనే, కత్తెర ఆపకుంట, "అవును గని జ్యోతీ, ఆ కాగితం మీద సంతకం పెట్టినవా?" అని అడిగిండు.

పెట్టలేదన్న.

"పెట్టు మరి. బుధవారం ట్రయల్, గురువారం పెండ్లి. సుధాకర్ సార్ రెండుసార్లు అడిగిండు."

అది సోమవారం పొద్దున. నేను జెన్నీ డబ్బా కట్టిన, ఆయన డబ్బా కట్టిన, అత్తమ్మకు మధ్యాహ్నానికి గిన్నెల కూర తీసి మూతపెట్టిన, నా డబ్బాల అడుగున మిగిలింది వేసుకున్న. ఆ కాగితం నా సంచిల ఉన్నది. శనివారంసంది ఉన్నది. ఇంటికి తెచ్చుకున్న కాడికెల్లి దాన్ని తీసి చూసుడు, మళ్ల మడతపెట్టుడు. ప్రార్థనకు పోయిన కాడ గూడ సంచి ఒళ్లె పెట్టుకోని కూసున్న.

మాది మొయినాబాద్ మండలం చిన్న మంగళారం. మేమిద్దరం పనిచేసే షెడ్డు చేవెళ్ల దాటినంక షాబాద్ రోడ్డు మీద ఉంటది. చెక్క తలుపుల మీద పూలు, లతలు చెక్కే మిషన్లు తయారు చేస్తం అక్కడ. సుధాకర్ సార్ ఓనరు. శాంసన్ ఫిట్టింగు సూపర్‌వైజరు. నేనేందో ఆరేండ్లయినా ఎవ్వరు తేల్చలే. నేను మెకానికల్ డిప్లొమా పాసైన. శాంసన్‌కు రెండు సబ్జెక్టులు మిగిలిపోయినయి. మిషన్ బొమ్మ గీసేది నేను, ఏ పట్టీ ఎంత మందం ఉండాలె, ఏ బోల్టు ఎంత బరువు తట్టుకుంటది అని లెక్క కట్టేది నేను. బొమ్మ కింద మూలకు ఒక చిన్న గడి ఉంటది, గీసినవారి పేరు రాసే గడి. దాంట్ల మాత్రం శాంసన్ పేరు. మొదటిసారి అడిగినప్పుడు, "మొగోని పేరుంటే కస్టమర్లు నమ్ముతరు, అయినా మనమిద్దరం వేరా?" అన్నడు. మనం వేరా అన్నంక ఇంకేమంట. కస్టమర్లు వస్తే సార్ లోపలికెల్లి కేకేస్తడు, "జ్యోతమ్మా, జర చాయ్." నేను చాయ్ పెట్టి తీస్కపోయేసరికి వాళ్లు నా బొమ్మనే బల్ల మీద పరుచుకోని మాట్లాడుతుంటరు. వాళ్లు ఏమన్న అడిగితే శాంసన్ నా దిక్కు చూస్తడు. నేను కప్పులు పెట్టుకుంట మెల్లగ చెప్త. ఆయన గట్టిగ చెప్తడు.

ఈ కాగితంల మాత్రం నా పేరున్నది. 'లెక్క చూసినవారు' అన్న కాడ, అచ్చుల, ప్రేమజ్యోతి, డిప్లొమా మెకానికల్ అని. ఆరేండ్లల్ల మొదటిసారి. చెప్పుకుంటే సిగ్గు గని, చూడంగనే నాకు సంతోషమైంది. తర్వాత పైన రాసింది చదివిన.

మొయినాబాద్ దిక్కు ఇప్పుడు ఫామ్‌హౌసులు, ఫంక్షన్ హాళ్లు ఎన్నున్నయో లెక్క లేదు. ఒకరు పెండ్లిల పొగ లేపితే ఇంకొకరు నిప్పురవ్వలు ఎగజిమ్ముతరు. ఒక హాలు వాళ్లకు 'ఏంజెల్ ఎంట్రీ' కావాలంట. పెండ్లిపిల్ల, పిలగాడు స్టేజీ మీద నిలబడంగనే కప్పు కిందికెల్లి రెక్కలున్న దేవదూత తేలుకుంట వచ్చి వాళ్ల మీద పూలు చల్లాలె. సుధాకర్ సార్ ఒప్పుకున్నడు. మా దగ్గరికి ఎనక్కొచ్చిన ఒక పాత తలుపుల మిషన్ విప్పిండు. దాంట్లకెల్లి ఎల్.ఎం. గైడు తీసిండు.

ఎల్.ఎం. గైడంటే పెద్ద విషయం కాదు. నున్నటి ఉక్కు పట్టీ ఒకటి ఉంటది, దాన్ని రెయిల్ అంటరు. దాన్ని పట్టుకోని జారే ఇనుప బ్లాకు ఉంటది. బ్లాకు లోపల ఆవగింజ కన్న జర పెద్దగ ఉక్కు గోలీలు వరుసలు కట్టి తిరుగుతుంటయి. ఆ గోలీల మీదనే బరువంత నడుస్తది. తలుపుల మిషన్ల రెండు రెయిళ్లు కింద పడుకోని ఉంటయి, వాటి మీద నాలుగు బ్లాకులు, బ్లాకుల మీద బల్ల. బరువు కిందికి ఒత్తుతది. రెండేండ్ల కింద నేను లెక్క రాసింది ఆ బల్లకు. ఇప్పుడు అందుల ఒక్క రెయిల్ తీస్కపోయి హాలు కప్పు పైపు కింద తలకిందులు బిగించిండ్రు. రెండే బ్లాకులు. వాటికి మనిషెత్తు ఇనుప చట్రం వేలాడేసిండ్రు. చట్రం అడుగున పాదం పట్టేంత రేకు. దాని మీద మనిషి నిలబడాలె. నేలకు పద్దెనిమిది అడుగుల పైన. కాగితంల మాత్రం నా పాత లెక్క పాతట్లనే ఉన్నది. పైన మిషన్ పేరు ఒక్కటే మారింది.

"ఇది తప్పు," అన్న సోమవారం పొద్దున శాంసన్‌తోని, డబ్బా చేతికిచ్చుకుంట. "ఒత్తితే మోసే గైడు లాగితే మొయ్యదు. నువ్వు ఫిట్టరువు, నీకు తెల్వదా?"

"నీకు అన్నిట్లనూ భయమే," అన్నడు. డబ్బా తీసుకోని బయటికి పోయిండు.

మంగళవారం షెడ్డుకు పోంగనే కేటలాగు పట్టుకోని సార్ రూములకు పోయిన. ఆ కేటలాగు మా వంటింట్ల బియ్యం డబ్బా మీద ఉంటది. పప్పు ఉడికేటప్పుడు చదువుకుంట. పుటలకు పసుపు మరకలున్నయి. నాలుగు చిన్న బొమ్మలున్న పేజీల వేలు పెట్టి పట్టుకోని పోయిన. రెయిల్ కింద పడుకుంటే ఎట్ల, గోడకు బిగిస్తే ఎట్ల, నిలువుగ నిలబెడితే ఎట్ల, తలకిందులు వేలాడితే ఎట్ల.

"ఏంది జ్యోతమ్మా, చాయ్ అయిందా?"

"అయితది సార్. ఒక్క మాట. ఆ రెయిల్ తలకిందులు పెట్టినప్పుడు అంత బరువు మొయ్యది సార్."

సార్ నవ్విండు. "అమ్మా, అది ఇనుమమ్మా. ఇనుముకు పైనేదో కిందేదో తెలుస్తదా?"

"ఇనుముకు తెల్వది సార్. లోపలి గోలీలకు తెలుస్తది."

ఆ మాట నా నోట్లకెల్లి ఎట్లొచ్చిందో నాకే తెల్వది. సార్ నవ్వు ఆగింది. నన్ను దాటి తలుపు కాడున్న శాంసన్‌ను చూసిండు. "ఏమయ్యా శాంసన్, మీ మేడం మనకు పాఠం చెప్తున్నది."

"ఇంట్ల గూడ గింతే సార్," అన్నడు శాంసన్. నవ్వుకుంటనే అన్నడు గని నేల దిక్కు చూసుకుంట అన్నడు.

నేను ఆగలె. ఆగితే మళ్ల మొదలుపెట్టలేనని తెలుసు. "ఈ రకం గైడు మీదికెల్లి ఒత్తే బరువుకు చేసింది సార్. కిందికి లాగితే అందుల సగం గూడ మొయ్యది. పైంగ ఒక్క రెయిలే. మనిషి నడిమిట్ల నిలబడితే వేరు, పూలు చల్లనీకి ఒక పక్కకు వంగితే వేరు. ఆ మెలి అంత రెండు బ్లాకుల మీదనే పడ్తది. నేను లెక్క చేసిన. తట్టుకోదు."

"రెండు సిమెంటు బస్తాలు పెట్టి ఇరవైసార్లు తిప్పినం. ఏమన్న అయిందా? పైన నిలబడే మంజుల ఒక్క బస్తా బరువు గూడ ఉండదు."

"బస్తా వంగదు సార్."

"జ్యోతమ్మా," సార్ గొంతు మెత్తబడ్డది. ఆ మెత్తదనమంటేనే నాకు ఎక్కువ భయం. "హాలాయన డిప్లొమా ఉన్నోళ్ల సంతకం కావాలన్నడు. ఊకె ఫైల్‌ల పెట్టనీకి. ఎవ్వరు చూడరు. పెట్టెయ్యమ్మా. పోయి చాయ్ పెట్టు."

ఎవ్వరు చూడనిదానికి పేరెందుకు సార్ అనాలె. అనలె. పోయి చాయ్ పెట్టిన.

పాలు పొంగిపోయినయి. తుడుస్తుంటే మంజుల వచ్చి నా చేతుల గుడ్డ గుంజుకున్నది. మంజులది ఆలూరు. మా షెడ్డు ఊడుస్తది, మిషన్లకు నూనె తుడుస్తది, డబ్బాలు ప్యాకు చేస్తది. పొట్టి మనిషి, బక్క మనిషి. ఇద్దరు పిల్లల తల్లంటే ఎవ్వరు నమ్మరు. షెడ్డుల అందరికన్న బరువు తక్కువున్నదని సార్ ఆమెను ఏంజెల్ చేసిండు.

"గౌను వచ్చిందక్కా," అన్నది కండ్లు పెద్దగ చేసి. "తెల్లది. నా జన్మల గసొంటిది ఏసుకోలె. ఎనక రెక్కలు గూడ ఉన్నయి, నిజం కోడి ఈకల లెక్కనే."

"మంజులా, అంత పైన నిలబడాలె. నీకు భయమైతలేదా?"

"మొదలు అయింది. రాను అన్న. అప్పుడు సార్ చెప్పిండు, జ్యోతమ్మ లెక్క చూసింది, ఏం గాదని." పొయ్యి గట్టు తుడుచుకుంట ఎంతో తేలికగ అన్నది. "నువ్వు చూసినవ్ గద అక్కా. ఇగ నాకేం ఫికర్?"

ఏమన్న చెప్పాలె. చెప్పలె. సార్‌తోని ఇంకోసారి మాట్లాడుదం, శాంసన్‌తోని పొద్దుమీకి మాట్లాడుదం, అప్పుడు చెప్పొచ్చు, ఇప్పుడే ఆమెను ఎందుకు భయపెట్టుడు అని నాకు నేనే చెప్పుకున్న. ఆడమనిషి తనకు తాను ఇసొంటి మాటలు ఎంత చక్కగ చెప్పుకుంటదో.

మధ్యాహ్నం జెన్నీకి బొమ్మలు గీసుకోనీకి ప్రింటరు పక్కన పారేసిన కాగితాలు ఏరుతున్న. వెనక దిక్కు తెల్లగుంటయని రోజూ తీస్కపోత. వాటిల ఈ కాగితమే దొరికింది, శుక్రవారం తీసిన ప్రింటు. అన్ని అవే అంకెలు. 'లెక్క చూసినవారు' కాడ మాత్రం శాంసన్ పేరు అచ్చయి ఉన్నది. దాని మీద నీలం పెన్నుతోని గీత కొట్టి, పక్కన 'ప్రేమజ్యోతి' అని చేత్తో రాసున్నది. జెన్నీ నోటు పుస్తకాల మీద పేర్లు రాసేది ఆ చెయ్యే. 'జ' కింద ఆ వంపు ఇంకెవ్వరు పెట్టరు.

నేను ఆ కాగితం పట్టుకోని అట్లనే కూసున్న. ఆరేండ్లు నా బొమ్మల మీద తన పేరు రాసుకున్న మనిషి. మంచిగ నడిచిన మిషన్లన్నిటి మీద ఆయన పేరే. ఇది ఒక్కటి కూలిపోతదని తెలువంగనే నేను గుర్తొచ్చిన. నాకు తెలిసింది ఆయనకూ తెలుసు. నా కన్న ముందే తెలుసు. తెలిసే నిన్న పొద్దున మీసం కత్తిరించుకుంట, సంతకం పెట్టినవా అని అడిగిండు.

అప్పటిదాక నాకున్న భయం ఆ రెయిల్ గురించి. ఆ మధ్యాహ్నంసంది పక్కన పండుకునే మనిషి గురించి.

ఇంటికొచ్చినంక అడగాలనుకున్న. రొట్టెలు చేసుకుంట ఎన్నిసార్లు నోరు తెరిచిన్నో. శాంసన్ చెయ్యెత్తే మనిషి కాదు. కోపమొస్తే మాట్లాడడు. జెన్నీ కడుపుల ఉన్నప్పుడు ఒకసారి పదకొండు రోజులు మాట్లాడలే. కంచం ముందట కూసుంటడు, తింటడు, లేస్తడు, నేను గోడనైనట్టు. ఆ పదకొండో రోజు ఎందుకు కోపమొచ్చిందో గూడ తెల్వకుంట నేనే తప్పయిందన్న. ఆ తర్వాత ఏదన్న అడగాలంటే ముందుగాల ఆ పదకొండు రోజులు యాదికొస్తయి. రొట్టెలయిపోయినయి. అడగలె.

బుధవారం ట్రయల్‌కు నన్ను రమ్మనలే. సంతకం పెట్టిన కాగితం ఇస్తే శాంసన్ తీస్కపోత అన్నడు. "ఇంకా చదవాలె," అన్న. ఆయన ఒక్కసారి చూసి, సరే పది గంటల వరకు పంపు అని బండి తీసుకోని పోయిండు. నేను జెన్నీని బడికి పంపి చీర కట్టుకుంటుంటే అత్తమ్మ అడిగింది, ఎటు అని.

"మొయినాబాద్ అత్తమ్మా. హాలుకు."

"మొగోళ్ల పని కాడ నీకేం పని?"

ఏం పనో నాకూ తెల్వది. బస్సెక్కి, ఆధార్ చూపించి ఆడోళ్లకిచ్చే జీరో టికెట్ తీసుకోని కూసున్నంక గూడ తెల్వలె. దిగిపోదామా అని రెండు స్టాపుల కాడ లేచిన.

హాలుల తెల్ల గుడ్డలు తొడిగిన కుర్చీలు వరుసకున్నయి. బంతిపూలు గంపలకొద్ది దింపుతున్నరు. స్టేజీ మీద ఎర్ర కార్పెట్ పరిచిండ్రు. తలెత్తి చూసిన. నేను కాగితం మీద ఊహించుకున్నదాని కన్న ఎత్తున్నది. సన్నటి రెయిల్, దాని కింద చట్రం, చట్రానికి చుట్టిన ప్లాస్టిక్ మల్లెతీగ. సుధాకర్ సార్ ఉన్నడు, హాలు మేనేజరు వరప్రసాద్ సార్ ఉన్నడు, శాంసన్ నిచ్చెన మీదున్నడు. నన్ను చూసి నిచ్చెన దిగిండు.

మంజుల తెల్ల గౌనుల నా దిక్కు ఉరికొచ్చింది. రెక్కలు అటిటు ఊగుతున్నయి. ఉరికొచ్చేటామె ఆగి ఒక కాలు ఎత్తింది. "అబ్బ, ఏదో గుచ్చుకున్నదక్కా."

వంగి ఆమె పాదం కింద చూసిన. ఉక్కు గోలీ. ఆవగింజ కన్న జర పెద్దది.

నేను దాన్ని అరచేతుల పెట్టుకోని పైకి చూసిన. సరిగ్గ బ్లాకు కింద నిలబడి ఉన్నం. గోలీలు బయటికి రాకుంట బ్లాకుకు రెండు దిక్కుల మూత ఉంటది. ఆ మూత పగిలితేనే గోలీలు రాలుతయి. అన్ని రాలితే బ్లాకు రెయిల్‌ను విడిచిపెడ్తది. పడుకున్న మిషన్‌ల అయితే బల్ల ఒరుగుతది, అంతే. తలకిందులున్న కాడ కిందికి వస్తది, మోసేదానితోని సహా.

"సార్, గోలీలు రాలుతున్నయి," అన్న.

సుధాకర్ సార్ కనుబొమ్మలు ముడేసిండు. "ఎక్కడిదో అయి ఉంటది. శాంసన్, చూడు."

శాంసన్ నా చేతులకెల్లి గోలీ తీసుకున్నడు. రెండు వేళ్ల నడుమ తిప్పిండు. పదిహేనేండ్లు ఫిట్టరు పని చేసిన చేతులవి. ఆయన మొఖం మీద నెత్తురు తగ్గుడు నేను చూసిన. తర్వాత ఆ గోలీని మెల్లగ ప్యాంటు జేబుల వేసుకున్నడు. "పాత మిషన్‌ది సార్. చొక్కాకు అంటుకోని వచ్చినట్టుంది."

నేను మోకాళ్ల మీద కూసున్న. ఎర్ర కార్పెట్ మీద రెండు చేతులు పరిచి దేవులాడిన. పూలు దింపేటోళ్లు ఆగి చూస్తున్నరు. ఎవరో, "ఏం పోయిందమ్మా, కమ్మనా?" అన్నరు. కొందరు నవ్విండ్రు. నా కొంగు జారుతున్నది, అయినా లేవలె. ఒకటి దొరికింది. ఇంకొకటి. స్టేజీ మెట్టు కాడ మూడోది.

లేచి ఆ మూడింటిని వరప్రసాద్ సార్ చేతుల పెట్టిన. ఆయనకు అవేందో తెల్వది. సుధాకర్ సార్ దిక్కు చూసిండు.

"ఆడోళ్లకు భయమెక్కువ సార్," అన్నడు సుధాకర్ సార్. "మీ ముందటనే తిప్పి చూపిస్త."

సిమెంటు బస్తాలు ఎక్కించిండ్రు. బటన్ నొక్కిండ్రు. చట్రం ఆ కొస నుంచి ఈ కొసకు వచ్చింది, మళ్ల పోయింది. మూడుసార్లు. ఒక్క చప్పుడు లేదు. నీళ్ల మీద పడవ లెక్క పోయింది. పూలోళ్లు చప్పట్లు కొట్టిండ్రు. అందరు నా దిక్కు తిరిగి చూసిండ్రు.

నిజం చెప్పాలె. ఆ నిమిషం నేను గూడ అనుకున్న, ఇది ఉత్త భయమే కావొచ్చు అని. లిఫ్టు ఎక్కలేని దాన్ని, సీటీకి ఎనక్కి జరిగేదాన్ని. వీళ్లందరు ఒక దిక్కు, నేనొక్కదాన్ని ఒక దిక్కు. నా లెక్కల ఎక్కడన్న సున్న తప్పిందేమో. నేను తప్పయితే ఎంత బాగుండు అని గూడ అనుకున్న.

బస్తాలు దించిండ్రు. మంజుల నిచ్చెన మీద మొదటి మెట్టుకు కాలు పెట్టింది. పూలబుట్ట మోచేతికి తగిలించుకున్నది. సుధాకర్ సార్ "ఎక్కు ఎక్కు" అంటున్నడు. ఆమె సార్ దిక్కు చూడలె. ఎనక్కి తిరిగి నన్ను చూసింది.

"అక్కా, ఎక్కనా?"

"ఎక్కకు."

గొంతు చిన్నగ వచ్చింది. అయినా హాలంత వినిపించింది.

"నువ్వు లెక్క చూసినవ్ గద?"

"చూసిన. చూసిన గనుకనే చెప్తున్న. అది నిన్ను మొయ్యదు మంజులా. దిగు."

మంజుల కాలు కిందికి పెట్టింది. బుట్ట పక్కన పెట్టి, భుజాల కాడి పట్టీలు విప్పి, రెక్కలు తీసి కుర్చీ మీద పెట్టింది. గౌను మీద ఒకసారి చెయ్యి తిప్పుకున్నది.

"రేపటిసంది ఇద్దరు పనిలకు రాకుండ్రి," అన్నడు సుధాకర్ సార్. ఎంబడే వరప్రసాద్ సార్ దిక్కు తిరిగి, "ఫికర్ చెయ్యకుండ్రి సార్, డెకరేషన్ వాళ్లల్ల ఎవరన్న సన్నటి పిల్లను ఎక్కిద్దం," అన్నడు.

నాకు ఆ మాటతోని తెలిసింది, మంజులను దించితే సరిపోదని. పూలు గుచ్చుతున్న ఆడపిల్లలు నలుగురున్నరు అక్కడ. వాళ్ల పేర్లు గూడ నాకు తెల్వవు. సంచిల కాగితం తీసి, పూల బల్ల మీద పరిచి, కింద ఖాళీ ఉన్న కాడ రాసిన.

'ఈ లెక్క నేల మీద పరిచిన రెండు రెయిళ్ల బల్లకు రాసింది. ఇక్కడ ఒక్క రెయిల్‌నే తలకిందులు బిగించినరు. బ్లాకులకెల్లి గోలీలు రాలుతున్నయి. దీని మీద మనిషిని ఎక్కియ్యొద్దు.' కింద తారీఖు రాసి, పదకొండుంబావు అని టైము రాసి, సంతకం పెట్టిన. సంతకం పక్కన పేరు పూర్తిగ రాసిన.

వరప్రసాద్ సార్‌కు ఇచ్చిన. ఆయన ఒకసారి చదివిండు. రెండోసారి పెదవులు కదుపుకుంట చదివిండు. "ఇదేందమ్మా, సంతకం చెయ్యమంటే గిట్ల రాసినవ్?"

"సంతకం చేసిన గద సార్."

ఆయన సుధాకర్ సార్‌ను చూసిండు, అరచేతుల ఉన్న మూడు గోలీలను చూసిండు. "నేను చదవకుంట ఉంటే వేరే సంగతి," అన్నడు, ఎవరితోనో కాదు, తనతోని తనే అన్నట్టు. "ఇప్పుడు చదివిన. రేపేమన్న అయితే తెలిసి చేసినోణ్ని అయిత." గోడ కాడికి పోయి కరెంటు మెయిన్ స్విచ్చి దించిండు. డబ్బాకు తాళమేసి తాళంచెవి జేబుల వేసుకున్నడు. సుధాకర్ సార్ చాలసేపు అరిచిండు. ఆ తాళం మాత్రం తెరుచుకోలె.

మరునాడు పెండ్లి మంచిగనే జరిగిందంట. పెండ్లిపిల్ల చెల్లెండ్లు స్టేజీ మెట్ల మీద నిలబడి చేతులతోనే పూలు చల్లినరంట. ఆ రోజు మంజుల ఎక్కితే అది పడేదో పడకపోయేదో నాకు ఇప్పటికీ తెల్వది. ఎవ్వరికీ తెల్వది. నేను చెప్పింది నిజమని చూపించనీకి నా దగ్గర ఏం లేదు, మంజుల బతికున్నది తప్ప.

హాలు బయట బస్టాపుల నేను, మంజుల నిలబడి ఉన్నం. ఎండ నెత్తి మీదికొచ్చింది. మంజుల చీర మార్చుకున్నది గని బుగ్గల మీద మెరుపుల పొడి పోలేదు. శాంసన్ బండి మీద వచ్చి మా ముందట ఆపిండు. మంజుల జర దూరం జరిగింది.

"ఇజ్జత్ తీసినవ్," అన్నడు.

నేను సంచిలకెల్లి శుక్రవారం ప్రింటు తీసి బండి ట్యాంకు మీద పెట్టిన. నీలం గీత, దాని పక్కన నా పేరు. ఆయన చూసిండు. బండి ఆఫ్ చేసిండు. రోడ్డు మీద లారీలు పోతున్నయి. పదకొండు రోజులు మళ్ల మొదలైనయేమో అనుకున్న.

"నాకు భయమైంది జ్యోతీ," అన్నడు.

పెండ్లయినకాడికెల్లి ఆ మాట ఆయన నోట్ల వినలె. నా గురించి వెయ్యిసార్లు అన్నడు, తన గురించి ఒక్కసారి గూడ అనలె. "పడితే జైలుకు పోతనేమో అని. ఇంట్ల అమ్మ, బిడ్డ. నువ్వైతే చదువుకున్నదానివి, ఆడమనిషివి, నిన్ను ఏమనరనుకున్న." కండ్లల్ల నీళ్లు తిరిగినయి ఆయనకు. నాకు పాపం అనిపించింది. ఆ అనిపించుడుకే నాకు అన్నిటికన్న ఎక్కువ భయమేసింది. ఇంకో నిమిషం నిలబడితే నేనే తప్పయిందంట, ఆయన కండ్లు కొంగుతోని తుడుస్త, బండెక్కి కూసుంట.

"నీ పేరే ఉండి ఉంటే," అన్న, "నేను సోమవారం నాడే రాస్తుంటి."

ఆయన తలెత్తి చూసిండు. ఆ మాట ఆయనను కొట్టాలని అన్న గని, నోట్లకెల్లి బయటపడ్డంక అది నన్నే వచ్చి తగిలింది. నిజమే. ఆయన పేరుంటే సార్‌ను అడగకపోదును, కేటలాగు చూపియ్యకపోదును, ఎవ్వరి నవ్వూ లెక్క చెయ్యకపోదును. సోమవారం పొద్దున కుక్కర్ దించకముందే రాసి చేతుల పెడుదును. నా పేరే గద అని, మంజుల పానమే గద అని, బుధవారం పదకొండుంబావు దాక ఆగిన.

బస్సొచ్చింది. "పొద్దుమీకి జెన్నీని బడికెల్లి నువ్వే తీస్కరా," అని చెప్పి, మంజుల చెయ్యి పట్టుకోని ఎక్కిన. ఆలూరుల ఆమె ఇంటిదాక పోయి, పని ఎట్ల పోయిందో వాళ్ల అత్తకు నేనే చెప్పాలె. ఆ తర్వాత మా ఇంటికి పోవాలె. అత్తమ్మ ఏమంటదో, శాంసన్ మాట్లాడుతడో లేదో, రేపటిసంది ఏం చేస్తనో ఏదీ తెల్వది.

భయం పోలేదు. పోతదని గూడ అనుకుంటలేను. ఇప్పటిసంది అది చెప్పేది మొదటి రోజే వింట.